ఏమవుతారు?

దరఖాస్తు మూడో పేజీలో మూడు గళ్ళు.
పేరు, ఫోన్ నంబరు, ఆ పక్కనే ఇంకో మాట.
ఇంగ్లీషులో అది చాలా పొడి మాట.
"మీకు ఏమవుతారు?" అని
నేనే తెలుగులో చదువుకున్నాను.

బల్లారట్‌లో జూన్ నెల, పొద్దున్న ఏడు.
కిటికీ అద్దానికి లోపలివైపు కూడా తడి.
పెనం మీద అట్టు మాడుతోంది. మాడనీ.
ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే ఫ్యాక్టరీలో పదకొండేళ్ళు చేశాక
మార్చిలో గేటుకు తాళం పడింది.
ఇప్పుడు వృద్ధుల హోమ్‌లో లాండ్రీ పనికి
నేనెలాంటిదాన్నో చెప్పే
ముగ్గురు మనుషులు కావాలట.

మొదటి గడిలో నొరీన్.
మడతపెట్టే యంత్రం ముందు నన్ను నిలబెట్టి
వేళ్ళు ఎంత దూరంలో ఉంచాలో చూపించిన మనిషి.
తన కుడిచేతికి నాలుగే.
ఫోన్ చేస్తే సంబరపడింది.
ఇరవై నిమిషాలు తన కుక్క గురించి చెప్పింది.
చివర్లో, "నా గురించి ఇలా చెప్పమని
నువ్వే రాసి పంపేయ్, పిల్లా" అంది.

ఇదిగో, ఇక్కడే చెయ్యి ఆగిపోయింది.
ఎవరైనా మెచ్చుకుంటే
"అబ్బే, ఏముందండీ" అనడమే నేర్చిన మర్యాద.
నలభయ్యారేళ్ళ అబ్బేలన్నీ గొంతులో అడ్డంపడి
ఒక్క మంచిమాట బయటికి రాలేదు.
"బాగా కష్టపడుతుంది" అని రాసి కొట్టేశాను.
ఎద్దూ కష్టపడుతుంది.
"నమ్మకస్తురాలు" అని రాస్తే
నొరీన్ కుక్క గుర్తొచ్చి అదీ కొట్టేశాను.
చివరికి మిగిలింది ఇది:
పదకొండేళ్ళలో ఒక్క ఇంజెక్షన్ సూది కూడా
నా చేతుల మీదుగా వెళ్ళిన మడతలో దాక్కుని
తిరిగి వార్డుకు చేరలేదు.
అది పొగడ్త కాదు, లెక్క.
లెక్కయితే రాయగలను.

రెండో గడి సెఫీనాది.
ఇస్త్రీ రోలరుకు అవతలి కొసన ఆమె,
ఇవతలి కొసన నేను.
ఆ హోరులో ఆరేళ్ళు సరిగ్గా మాట్లాడుకున్నదే లేదు.
దుప్పటి లాగే తీరును బట్టే
ఆమెకు నడుం పట్టేసిందో
కొడుకు మీద కోపమొచ్చిందో తెలిసిపోయేది.
ఏమవుతుంది నాకు?
"సహోద్యోగి" అని రాశాను.
అవతలి కొస అని రాస్తే
వాళ్ళకేం అర్థమవుతుంది?

ఇక మూడోది.
మేనేజరు పేరు తప్పనిసరి అని ఎర్రచుక్క పెట్టారు.
గ్రేమ్ ట్రెజైజ్.
బాయిలర్ వాల్వు కారుతోందని
ఆయనకు రెండుసార్లు నోటితో, ఒకసారి కాగితం మీద చెప్పి,
ఆపైన ఆయన్ని దాటి ఇన్‌స్పెక్టరుకు రాసింది నేనే.
రెండు రోజులు ఫ్యాక్టరీ ఆగింది.
తర్వాత నాలుగేళ్ళు
నాతో గుడ్ మార్నింగ్ తప్ప మరో మాట లేదు,
అదీ గోడకు చెప్పినట్టు.

అలాంటి మనిషి నోట్లో ఇప్పుడు నా బతుకుతెరువు.
చేసింది ఆ వ్యాపారమే కదా,
ఉతికి ఆరేస్తాడేమో.

సోమవారం నంబరు నొక్కి ఆపేశాను. మంగళవారమూ అంతే.
గురువారం వెండూరీ సరస్సు గట్టు మీద నడుస్తుంటే
నల్ల హంస ఒకటి నా బూట్ల దాకా వచ్చి
రొట్టెముక్క కోసం మెడ చాచింది.
దానికి లేని మొహమాటం నాకెందుకని
అక్కడే నిలబడి ఫోన్ చేశాను.

"ఎవరైనా నా గురించి అడిగితే, మీరు..." అన్నాను.
అటువైపు కెటిల్ ఈల వేస్తోంది. ఆయన దాన్ని ఆపలేదు.
"జరిగింది చెప్తాను."
"ఏది?"
"వాల్వు సంగతి."
ఏం అనాలో తోచలేదు. హంస వెళ్ళిపోయింది.
"అక్కడా బాయిలర్ ఉంటుంది కదా.
నీలాంటిది ఒకతి ఉండాలి" అని
నా జవాబు కోసం ఆగకుండా పెట్టేశాడు.

ఇంటికొచ్చి మూడో గడి నింపాను.
పేరు. నంబరు.
ఏమవుతారు అన్నచోట
"మేనేజరు" అని రాసి,
సిరా ఆరేదాకా
ఆ కాగితాన్ని మడతపెట్టలేదు.