ఐదు గాట్లు

ముందుగాల బురద కడుగు.
బురద మీద పానా పెడితే జారుతది,
గాటు ఇరుగుతది, నీ ఏలు గూడ ఇరుగుతది.

గట్టమ్మ గుట్ట దాటినంక ఎడమచేతి దిక్కు మా షెడ్డు.
బోర్డు మీద రంగు పోయి
యాకూబ్ల "యా" ఒక్కటే మిగిలింది.
ఆడికి తెచ్చిండు పూనెం సడాలు, ఫారెస్టోళ్ల బండిని.
నాలుగు బొండు టైర్లు. కారు గాదు, మోటర్ సైకిల్ గాదు.
తాడ్వాయి పోరగాండ్లు దాన్ని కప్ప అంటరు.

"ఎనుక గట్టిగ చెయ్యే,
నీళ్ల డబ్బాలు పెడితే కూలవడ్తంది."
ఎండకాలం. అడివిల సాసర్ పిట్లు పర్రెలిచ్చినయి.
దుప్పులు తాగే నీళ్లు
ఈ బండి ఈపు మీదనే పోవాలె.
రెండు డబ్బాలు, ఒక్కోటి నలభై లీటర్లు.

జాకీ ఎత్తిన.
స్ప్రింగు కింద గిన్నె అంచు లెక్క ఒక రింగు,
రింగుకు ఐదు గాట్లు.
ఒకటోది మెత్తది, ఐదోది మొండిది.
కొక్కెం పానా తగిలిచ్చి గుంజిన.
టక్.
టక్.
నాలుగో దానికాడ నా భుజం ఒర్రింది.
యాభై నాలుగేండ్ల స్ప్రింగు నాది,
దానికి గాట్లు పెట్టలే.

కుడి దిక్కు గూడ గంతే తిప్పాలె.
ఒకదిక్కు నాలుగు, ఒకదిక్కు మూడు పెడితే
మలుపుకాడ బండి అబద్ధమాడుతది.

డబ్బాలు ఎక్కిచ్చి టేపు పట్టిన.
రెండేళ్ల మందం దిగింది, సరిపోయింది.
పైసలు అడగవోయిన.

సడాలు కదుల్తలేడు.
బీడీ ముట్టియ్యలే, చెవి మీదనే ఉన్నది.
"రాత్రి పూట," అన్నడు,
"డబ్బాలు దించి పరుపు పరుస్త."

వాగు అవతల గొత్తికోయ గూడెం.
అంబులెన్సు ఇవతలి ఒడ్డుకే అస్తది.
మొన్న ఉంగి అనే పిల్ల, తొమ్మిదో నెల.
రాయి రాయికి చక్రం ఎగిరినప్పుడల్లా
అమ్మా అనలేదట,
కమ్మికి చుట్టిన రబ్బరు పట్టి కొరికిందట.
సూపెట్టిండు.
పండ్ల గాట్లు.
లెక్కబెట్టవోయి ఊకున్న.

"ఒకటోది పెడితే మెత్తగుంటది గదా ఆమెకు?"
ఉండది. అడుగు తాకుతది.
తాకిన దెబ్బ నెత్తిదాక పోతది.
మెత్తదనం గూడ ఎక్కువైతే కొడుతది, సడాలు.
"పోనీ నడిమిట్ల మూడు?"
మూడు ఎవ్వలకు పనికిరాదు.
నీళ్లు కూలవడ్తయి, ఆ పిల్ల ఎగిరెగిరి పడ్తది.
నీళ్లకు నాలుగు. ఆమెకు రెండు.
పొద్దుమూకినంక నువ్వే తిప్పుకోవాలె.

కూసోవెట్టి నేర్పిన.
మా బిడ్డ గోళ్ల రంగు సీసా తెచ్చి
రెండో గాటుకు ఎర్రచుక్క పెట్టిన,
సెల్లు వెలుతురుల అగుపడాలెనని.
మొదటిసారి పానా జారి మోకాలు గీసుకపోయింది.
మూడోసారి సూడకుంటనే తిప్పిండు,
మేక పొదుగు తడిమినట్టు, ఏళ్లతోని.

పానా ఇచ్చేసిన.
వరంగల్ స్టేషన్ రోడ్డుల కొన్నది, ఇంకోటి లేదు.
"ఉంగికి ఏం పుట్టింది?" అనడిగిన.
"బిడ్డ. వాగు నడుమ ఉన్నప్పుడే ఏడ్సింది,
దానికి ఆగే ఓపిక లేదు."

తెల్లారి ఒక సారు అచ్చిండు,
మోటర్ సైకిల్ ఎనుక షాకులు గట్టి చెయ్యాల్నట.
ఉలి పెట్టి సుత్తెతోని కొట్టిన, టంగ్ టంగ్.
"పానా లేని మెకానిక్ ఏందయ్యా" అని
ఆయన గొణుగుతనే ఉన్నడు.