సందు

బాబ్ అల్ బహ్రెయిన్ వెనక, అత్తర్ల కొట్టుకీ
చెప్పులు కుట్టే మలబారీ బల్లకీ నడుమ సందులో
మా ఆఫీసు. రెండు కుర్చీలు, ఒక ఏసీ,
దాని కింద చుక్కలు పట్టే ఖాళీ పెరుగు డబ్బా.
పదకొండేళ్లుగా ఇక్కడ కూర్చుని
మహాసముద్రాలు అమ్ముతున్నాను.
నేను దాటింది ఒక్కటే, అరేబియా,
అదీ కిటికీ దొరకని సీట్లో.

దస్తగిరి రాత్రి తొమ్మిదిన్నరకి వచ్చాడు.
సిత్రా యార్డులో వెల్డరు, ఊరు నంద్యాల పక్క పాణ్యం.
మెడ మీద ఆవాలు చల్లినట్టు
నిప్పురవ్వల మచ్చలు.
"గయానా పోవల్లక్కా, జార్జిటౌను.
సముద్రంలో నూనె బావి పని. వీసా కొట్టిచ్చినారు.
టికెట్టు మనమే పెట్టుకోవల్లంట,
మూణ్ణెల్లకి తిరిగిస్తారంట."
ఆ రెండు 'అంట'ల మధ్య
అతను దాచిందంతా ఉంది.

వెతికాను.
లండన్ మీదుగా తొందరగా చేరతాడు, ఆరువందల ఎనభై దినార్లు.
అతను గోడ మీది క్యాలెండర్ వైపు చూశాడు.
మయామీ మీదుగా చవక. కానీ ఆ ఊరు
విమానం మారడానికి దిగినవాణ్ణి కూడా
ఎందుకొచ్చావని అడుగుతుంది.
చవక దారి టికెట్టు ధరలో ఉండదు,
పాస్‌పోర్టు అట్ట రంగులో ఉంటుంది.
ఈ మాట ఎవరితోనూ అనను.
స్క్రీను అటు తిప్పి చూపిస్తాను, అంతే.

శుక్రవారం కాదు, బుధవారం అన్నాను.
నలభై దినార్లు దిగింది.
పగలు కాదు, తెల్లారుజామున మూడు అన్నాను.
ఇంకో పద్దెనిమిది.
అత్తర్ల కొట్టువాడు షట్టరు దించుకున్నాడు.

పదకొండు దాటాక దొరికింది.
మనామా, ఇస్తాంబుల్, పనామా, జార్జిటౌన్.
నాలుగువందల పన్నెండు దినార్ల ఆరువందల ఫిల్సు.
కానీ ఒక టికెట్టు కాదు, పనామా దగ్గర తెగిన రెండు.
పెట్టె వేస్తే అక్కడ దింపుకోవాలి,
దింపుకోవాలంటే ఇంకో దేశంలోకి అడుగు పెట్టాలి.
అందుకని చేతిసంచి ఒక్కటే, ఎనిమిది కిలోలు.

"హెల్మెట్టో?" అన్నాడు.
నల్లద్దం వెల్డింగు హెల్మెట్టు,
కంపెనీది కాదు, సొంతానిది.
"ఒళ్లో పెట్టుకుంటా. తూకమేస్తామంటే తలకి పెట్టుకుంటా."
నవ్వుతున్నాడో లేదో తెలియక
నేను కీబోర్డు వైపు చూశాను.

చెప్పక తప్పదు కనక చెప్పాను:
"మొదటిది ఆలస్యమైతే రెండోది ఆగదు తమ్ముడూ.
డబ్బు రాదు. పనామాలో తొమ్మిది గంటలు
నువ్వు ఎవరి ప్రయాణికుడివీ కావు."

నా పెన్ను అడక్కుండానే తీసుకున్నాడు.
ధరలు రాసిన కాగితం వెనక రెండు పైపులు గీశాడు,
మధ్యలో కొంచెం తెల్లగా వదిలేసి.
"రెండూ ఆనిచ్చి పెడితే అతుకు కూచోదక్కా.
పైన మెరుస్తాది, లోపల డొల్ల.
మూడు మిల్లీమీటర్లు సందు ఇడవల్ల.
ఆ సందులోకే లోహం దిగేది."
"మూడు మిల్లీమీటర్లు సరే. తొమ్మిది గంటలా?"
"పెద్ద పైపు గదా," అన్నాడు.

పాత నోట్లు, కొత్త నోట్లు, చివర ఆరువందల ఫిల్సు
చిల్లర విడిగా, చొక్కా జేబులోంచి.
కాగితం మీద తెలుగులో రాసిచ్చాను:
ఇస్తాంబుల్‌లో బయటికి పోవద్దు.
సీసా ఖాళీగా పట్టుకెళ్లు, లోపల నింపుకో.
గేటు నంబరు మారుతుంది, బోర్డు చూస్తూ ఉండు.
ఎవరైనా అడిగితే రెండో టికెట్టు ముందు చూపించు.

బుధవారం, డ్యూటీ మధ్యలో,
ఫోన్లో మ్యాపు తెరిచాను.
ఎప్పుడూ ఎవరికోసమూ తెరవను.
అట్లాంటిక్ మీద పసుపుపచ్చ విమానం,
నీలం మీద అతికించినట్టు, కదలదు.
మనీలాకి రేటెంతని ఎవరో అడిగారు. చెప్పాను.
మళ్లీ చూస్తే వేలెడు జరిగింది.

రాత్రికి పనామాలో దిగింది.
తర్వాత మ్యాపులో చూడ్డానికేమీ లేదు.
ఎగిరేవాళ్లనే చూపిస్తుంది అది,
కూచున్నవాళ్లను చూపించదు.
ఎక్కడో ఒక ఇనుప కుర్చీలో
ఒళ్లో నల్లద్దంతో ఒక మనిషి,
బోర్డు చూస్తూ, నా రాతకాగితం మడతలు
నాలుగోసారి విప్పుతూ.

పెరుగు డబ్బా నిండింది.
లేచి, నీళ్లు సందులో పారబోసి
మళ్లీ ఏసీ కింద పెట్టాను.