దించకుండా

ఆ దడదడ ముందు నా మడమలకి తెలిసింది,
చెవులకి తర్వాత.
ఫ్లైవీలు షాఫ్టు మీద వెంట్రుకవాసి ఊగుతోంది,
కీ నలిగి, గాడి గట్లు తెగి.

"ఇంజను దింపాలి, షాఫ్టు విశాఖ పంపాలి"
అన్నాడు కొత్త మెకానిక్కు.
సిమెంటు దిమ్మెలో పాతుకుపోయిన బోల్టులు నాలుగు.
మిల్లు వాకిట్లో బూర్జ ధాన్యం, కొల్లివలస ధాన్యం,
పేర్లు రాయని ఇంకెవరివో బస్తాలు.

ఆమదాలవలస నుంచి పేడాడ తవిటయ్య వచ్చాడు,
మూతబడ్డ చక్కెర ఫ్యాక్టరీ ఫిట్టరు.
మోకాలు వంగదు. గోనె పరిచి పక్కకి ఒరిగాడు.
ఫ్లైవీలు ఊడదీసి, చిటికెనవేలు గాడిలో పెట్టి
కళ్లు మూశాడు.
"షాఫ్టు మంచిదే బావూ. గాడే నోరు తెరిసింది.
దించడం మాట ఒగ్గీ."

మూడు గంటలు లైటు పట్టుకున్నాను.
ఆయిలు సీలుకి గుడ్డ చుట్టి
చిరిగిన గట్టుని ఆకురాయితో చదును చేశాడు.
పాత ఇరుసు ముక్కలోంచి కొత్త కీ:
కింద లావు, షాఫ్టు గాయమంత;
పైన సన్నం, ఫ్లైవీలు గాడంత.
ఇంజనుకి బొట్టు పెట్టే కుంకుమే నూనెలో కలిపి పూసి
పెట్టి, తీసి,
ఎరుపు అంటిన చోట రెండే రెండు రుద్దులు.
పెట్టి, తీసి.
పదిహేడోసారి పెట్టింది
తీస్తే రాలేదు.

సాయంత్రం ఊక ఎగిరింది. మడమల కింద నేల ఊరుకుంది.
టీ దగ్గర తెలివితక్కువగా అడిగాను:
"మీ మోకాలికీ ఇలాగే ఏదైనా..."
"నాను ఇనుమునేటి?" అని
ఎర్రటి వేళ్లు పంచెకి తుడుచుకున్నాడు.

కుదరని కీలు మూడు నా చేతిలో పోసి
కుంటుకుంటూ బస్సెక్కాడు.
అవింకా వెచ్చగానే ఉన్నాయి.