గడి నంబరు నాలుగువేల పదిహేడు

నీరు పల్లమెరుగుతుందంటారు.
కఫ్యూ మైదానంలో ఆ పల్లం కోసం
నీరు రెండు నెలలు వెతుక్కుంటుంది.
పైన ఆనకట్ట దగ్గర గేటెత్తిన సంగతి
కింది లోయకు తెలిసేసరికి
ఎత్తినవాడు సెలవు మీద ఊరెళ్లి తిరిగొచ్చి ఉంటాడు.

ఆ రెండు నెలల్ని ఒక్క రాత్రిలో నడిపించడం
నా ఉద్యోగం.
మైదానాన్ని గడులుగా కోశాను,
గడికో లోతు.
చీలమండ దాకా నీరుంటే లేతపచ్చ.
మోకాలి నుంచి తొడ దాకా చిక్కటి పచ్చ,
లెచ్వే జింక మెడ వంచి
నీటిగడ్డి మేసే లోతు అది.
మొల దాటితే ఎరుపు.
ఎండిన నేలా ఎరుపే.

ఆనకట్టకు ముందు కాలపు ప్రవాహం గీత
సూడి ఆవు కడుపులా ఏటా ఒకసారి ఉబ్బేది,
ఈనినట్టు తగ్గేది.
ఇప్పటి గీత బల్లపరుపు.
లుసాకాలో ఇస్త్రీపెట్టెలూ ఉత్తరాన రాగి కొలుములూ
పన్నెండు నెలలూ ఒకే ఆకలితో కూచుంటాయి.
నది పన్నెండు నెలలూ
ఒకే గరిటెతో వడ్డిస్తోంది.

హామూసొందే గారు వలల మనిషి.
అద్దాలు లేవు, అయినా తెర మీద గోరు పెట్టి
"ఇది ఏ చోటు?" అన్నారు.
నాలుగువేల పదిహేడు. చిక్కటి పచ్చ.
మార్చి మొదటి వారం, మోకాలి పైన నాలుగు వేళ్లు.
జింకకు యోగ్యత, ఒకటికి
సున్నా పాయింట్ తొంభై నాలుగు.
కొంచెం గర్వంగానే చెప్పాను.

"లెక్క బాగానే కట్టావు చోల్వే.
జింకకి చెప్పావా?"

మర్నాడు ఆయన దోనెలో వెళ్లాం.
గడ దించి తడి మీద వేలు పెట్టి చూశారు.
లోతు నేను చెప్పినంతే.
తప్పు దొరకనందుకు కాస్త నొచ్చుకున్నారు కూడా.
ఆ నీటి నిండా మాత్రం ముళ్లు.
అత్తిపత్తికి పెద్దక్క, మనిషెత్తు.
ముట్టుకుంటే ఆకులు ముడుచుకుంటాయి,
ముళ్లు ముడుచుకోవు.
మునిగి చావాల్సిన మొలకలట ఇవి,
ముంచడానికి రావాల్సిన వరద రాలేదు.
ఒక్క జింక లేదు.
కొమ్మకు చిక్కిన వల ముక్క ఒకటుంది, ఆయనదే,
పోయినేటిది.
"ఇక్కడున్నావా" అన్నారు దాంతో,
పారిపోయిన మేకతో అన్నట్టు.

తిరిగొస్తుంటే గడ్డి తెప్ప మీద బెగ్గురు.
గదవ కింద రెండు తెల్ల లోలకులు,
కడుపు కింద గూడు.
వరద దిగుతోందని నమ్మి గుడ్డు పెట్టింది.
"మళ్లీ నీళ్లు వదిలితే?" అన్నాను.
"వదిలితే కరెంటొస్తుంది."
"గుడ్డు?"
ఆయన గడ వేస్తూనే ఉన్నారు.
"ఒకటే పెడుతుంది. మహా అయితే రెండు."

రాత్రి గడులు దిద్దాను.
నాలుగువేల పదిహేడు సున్నా అయింది,
దాని ఇరుగూ పొరుగూ నూట ముప్పై గడులు కూడా.
తర్వాత గేటెత్తి చూశాను, తెర మీద.
ఫిబ్రవరిలో నలభై అయిదు రోజులు, ధారాళంగా.
పచ్చ నెమ్మదిగా తూర్పుకి పాకింది.
పక్క నిలువు వరుసలో
పోయే కరెంటు ఎన్ని యూనిట్లో పెరుగుతూ పోయింది.
ఆ అంకె మీద చెయ్యి అడ్డం పెట్టుకుని
కాసేపు పచ్చనే చూశాను.

నలభై మూడో రోజున
నిజంగానే కరెంటు పోయింది.
ఈ వారం మా వంతు రాత్రి ఎనిమిది నుంచి.
చీకట్లో ఎవరో బొగ్గుల కుంపటి విసురుతున్నారు.
బ్యాటరీ పదకొండు శాతం.
లెక్క పూర్తి కావడానికి చాలదు.
ప్రోగ్రాంలో ఆ గడి ఉన్న చోటికి వెళ్లి,
యంత్రం చదవకుండా దాటేసే వరుసలో
ఒక మాట రాశాను:
ఇక్కడ లోతు సరే. ముళ్లున్నాయి.
హామూసొందే చూపించారు.
దాచాను.