తాళంచెవుల మనిషి

మూడు వందల పన్నెండు కొక్కేలు.
పదకొండు వానకోట్లు.

ఏడుంబావుకి గేటు తీస్తాను.
గ్రిమ్స్‌బీ రేవు మీంచి వచ్చే గాలికి
రోగం సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.
ఎప్పట్లాగే చేపల కంపుతో వచ్చి
మనిషిని ఆనుకుని నిలబడుతుంది.

ఊరంతా తలుపులు బిగించుకుంటే
మా బడికి మాత్రం తెరిచి ఉంచమని ఉత్తర్వు,
ఈస్టర్ సెలవుల్లో కూడా.
నర్సు కూతురు, బస్సు డ్రైవరు కొడుకు,
చేపల ఫ్యాక్టరీలో రాత్రిపాళీ చేసే
రొమేనియా దంపతుల కవలలు,
ఇంకా ఓట్టిలీ. ఆరేళ్లు. ముందుపళ్లు రెండూ లేవు.
వాళ్ల తాత శవపేటికలు చేస్తాడు.

వీళ్ల అమ్మానాన్నల్ని టీవీలో కీ వర్కర్లు అంటున్నారు.
"నీ నడుముకి ఇన్ని కీలున్నాయి, నువ్వు కూడానా?"
అడిగాడు కవలల్లో ఒకడు.
లెక్కపెట్టమన్నాను. నలభై మూడు.
ఆ పూటకి అదే లెక్కల క్లాసు.

పసుపు టేపుతో నేల మీద గళ్లు వేసింది నేనే,
ఈ పాడు మోకాలితో, రెండేసి మీటర్ల దూరంలో.
ఎవరి గడిలో వాళ్లే అంది మిస్ థర్కెల్.
పదింటికల్లా అందులో ఒకటి పడవ,
ఒకటి పోస్టాఫీసు,
ఒకటి కుక్క ఉన్న ఇల్లు. కుక్క కనబడదు, అరుస్తుంది.
గడిలోంచి గడికి కాగితం విమానాల్లో ఉత్తరాలు.
చేతులు తగలకూడదన్నారు గానీ
కబుర్లు తగలకూడదని ఎవరన్నారు?

ఓట్టిలీ పొడుగు పెట్టెలు గీస్తుంది, పక్కపక్కనే.
రైలా బంగారూ, అంది మిస్.
"కాదు. తాత దగ్గర చెక్క అయిపోయింది,"
గోధుమరంగు క్రేయాను మొండి చూపించి
"ఇది కూడా" అంది.
సామాన్ల గది తీసి కొత్త డబ్బా తెచ్చాను.
ఆకుపచ్చ ఇచ్చాను, నీలం ఇచ్చాను.
బుద్ధిగా తీసుకుంది.
వాటితోనూ పెట్టెలే గీసింది.

సాయంత్రం గేటు దగ్గర చూడాలి.
ఇద్రిస్ వాళ్లమ్మ వృద్ధాశ్రమంలో ఆయా.
బుగ్గల మీద మాస్కు అచ్చుతో వస్తుంది.
వాడు ముందుకి పరిగెడతాడు.
ఆమె వెనక్కి పరిగెడుతుంది
రెండు చేతులూ పైకెత్తి, లొంగిపోతున్న దొంగలా.
స్నానం చేసేదాకా వద్దురా, వద్దు.
వాడికది అంటుకునే ఆట.
నవ్వుతూ సందు చివరిదాకా తరుముతాడు.
ఆమె కూడా నవ్వుతుంది.
ఆ నవ్వు నేను ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకి కూడా.

ఒక గురువారం ఆమె రాలేదు.
ఐదున్నర. ఆరున్నర. ఫోను మోగుతూనే ఉంది.
మెట్ల మీద చెరో చివర కూర్చున్నాం, నేనూ వాడూ.
ఒక్కో తాళంచెవీ ఏ తలుపుదో అడిగాడు.
బాయిలర్ గది. పియానో. పాత సైకిలు కొట్టం.
ఇది?
తెలీదురా, నేను చేరకముందు నుంచీ ఉంది.
వాడు దాన్ని కాసేపు చెవికి ఆనించుకుని
మాట్లాడ్డం లేదు, అన్నాడు.

ఎనిమిదింటికి వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి
గిన్నెలు వాయించింది, ఆమెలాంటి వాళ్ల కోసమే.
ఆ మోత మధ్యలోంచి నడిచొచ్చింది ఆమె
ఎవరి ఊరేగింపులోకో పొరపాటున దూరినట్టు
తల దించుకుని.
"ముసలాయన. ఆయన పిల్లల్ని రానివ్వలేదు.
అందుకని నేను ఉండిపోయాను." అంతే.

ఇద్రిస్ లేచాడు. పరిగెత్తలేదు.
బూటు కొసతో తడి నేల మీద తన చుట్టూ గడి గీసుకున్నాడు.
తర్వాత వేలు చూపించి,
"అమ్మా, నీ గడి అక్కడ."

ఆమె వెళ్లి అందులో నిలబడింది.

ఆ రాత్రి గేటు వేశానో లేదోనని
రెండుసార్లు లేచాను.

పొద్దున పన్నెండు వానకోట్లు.
కొత్త పిల్ల, పేరింకా తెలీదు,
చేతిలో ఒంటి కాలిజోడు పట్టుకుని నిలబడింది.
గడి ఇంకొకటి వెయ్యాలి.
టేపు ఎక్కడ పెట్టానో.