వాయి దిగేలోపు

తెల్లారగట్ల నాలుగున్నరకి
డిగ్రీ కాలేజీ గేటు పక్కన నా బండి.
ఇప్పుడు మేము ప్రకాశమో నెల్లూరో
పైవాళ్ళు తేల్చుకుంటారు,
కందుకూరు మాత్రం కదల్లేదు.
మొదటి వాయి ఎక్కించేసరికి బూట్ల చప్పుడు.
రోజూ అదే పంచాయితీ:
తిని పరిగెత్తాలా, పరిగెత్తి తినాలా.

మిలిటరీలో హవల్దారు చేసొచ్చిన మాలకొండయ్య
ఖాళీ కడుపే గుర్రం అంటాడు.
సుగరున్న బ్యాంకు సారు
వేలికి సూది గుచ్చుకుని, మీటరు చూసి,
జేబులో రెండు బిస్కెట్లు తడుముకుంటా నిలబడతాడు.
బ్రహ్మయ్య కొడుకు నాలుగు దోసెలు లాగించి
మూడో రౌండులో గోడ పట్టుకుని వంగిపోయాడు.
ఆ పూటంతా నింద నా పచ్చడి మీద.

నన్నెవరూ అడగరు.
అమ్ముకునేది కదా, తినమనే చెప్పుద్ది అనుకుంటారు.
నేను మటుకు పదకొండు దాకా ఏమీ ముట్టను.
వాసనకే కడుపు నిండుద్ది అంటాను అందరితో.
అబద్ధం.
చేతులు ఖాళీ ఉండవు, అంతే.

మస్తాన్‌బీ
పొగాకు వేలాలు మొదలైనప్పుడు వచ్చింది.
పగలంతా వాళ్ళమ్మతో గ్రేడింగు.
ఎంత ఉతికినా చున్నీలో ఆకు వాసన.
కానిస్టేబులు పరీక్షకి పదహారొందల మీటర్లు,
పదిన్నర నిమిషాలు.
నా వాయి పన్నెండు.
"నువ్వు మూత పెట్టక్కా,
దింపేలోపు వచ్చేస్తా" అంటది.

తిన్నావా అంటే
సారు తినొద్దన్నాడు అంది,
ఇడ్లీ పాత్ర వైపు చూడకుండా.
చూడకపోవటం ఎట్టా ఉంటదో నాకు తెలుసు.
రోజాల నెలలో మాత్రం
సహరీకి లేచి ఇంట్లో అందరితో తిని వచ్చేది.
పగలు నీళ్ళు కూడా ముట్టకుండా ఆకు ఏరేది.
ఆ నెలే గాలిలా పరిగెత్తింది.
పండగైపోయింది,
తెల్లారగట్ల ఆ ఇంట్లో పొయ్యి మళ్ళీ పడుకుంది.

ఒకరోజు ఉండబట్టలేక
రెండిడ్లీ, కారప్పొడి, పైన నెయ్యి,
డబ్బులొద్దులే అని చేతిలో పెట్టాను.
రెండో రౌండుకే డొక్కలో పోటు.
వాయి దింపి, పళ్ళేల్లోకి తీసి,
ఇద్దరికి వడ్డించాక గానీ రాలా.
నా వంక చూళ్ళేదు.
పెట్టటం కూడా ఒక్కోసారి
కాలు అడ్డం పెట్టటమే.

మర్నాడు పంతానికి ఏమీ తినకుండా పరిగెత్తింది.
టైముకే వచ్చింది, వచ్చి
గేటు దగ్గర కూలబడింది.
బ్యాంకు సారు బిస్కెట్లు
ఆ రోజుకి తేలినయ్యి, ఎవరు తినాలో.

ఇప్పుడు రాత్రి వార్చిన గంజి తెస్తున్నా, ఇంటి నించి.
చిటికెడు ఉప్పు, సగం గ్లాసు.
తాగి అరగంట కూచోవే అంటే
ఊరికే కూచోదు.
"ఊరికే తాగను కూడా" అని
నా పక్కన పీటేసుకుని కొబ్బరి కోరుద్ది.
గుర్రం సంగతి మాలకొండయ్యకి మేం చెప్పలా.

నిన్న రెండు గ్లాసులు పోసింది.
రెండోది ఎవరికే అన్నా.
నీకే అంది.
"పరిగెత్తేది నువ్వు కదా."
"మరి నాలుగున్నర కాడి నించి
నువ్వు చేసేదేందక్కా?"

ఏం చెప్పను.
మూత పెట్టాను. ఆమె లేచి
చున్నీ నడుముకి బిగించి చీకట్లోకి పోయింది.
ఒక పక్క ఆవిరి, ఒక పక్క అడుగుల చప్పుడు,
చానాళ్ళకి తెల్లారకముందే నా కడుపులో ఏదో వెచ్చగా.

ఉప్పు ఎక్కువేసింది.
రానీ, చెప్తా.