ముప్పై ఎనిమిది కిలోలు

పాకాల స్టేషన్ వెనక, ఖాదర్ బాషా పాతసామాన్ల అంగట్లో
పద్నాలుగేళ్లుగా తూకం నాది.
ఎవరేం తెచ్చినా ముందు బరువు, తర్వాతే కథ.

ఆ మార్చిలో గుట్ట మీద చిన్న విమానం కూలింది.
ఇద్దరు పోయారు.
వానలు మొదలయ్యాక పేపర్లో నివేదిక పడింది:
దట్టమైన మబ్బులు. పైలట్ దారి తప్పాడు.
శకలాలు మొత్తం సేకరించాం.

మొత్తం అన్న మాట దగ్గర
టీ గ్లాసులు ఆగిపోయాయి.

ఏలుమలై సిగరెట్ అట్ట వెనక లెక్క వేశాడు.
మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో మోటార్లు విప్పే మనిషి.
"ఆ రకం విమానం ఖాళీగా ఎంత తూగతాదో నాకు తెలుసప్పా.
లారీకి ఎక్కించింది ఎంతో వేబ్రిడ్జి చీటీలో ఉండాది.
కాలింది తీసేసినా ముప్పై ఎనిమిది కిలోలు తక్కువ.
యాడికి పోయినట్టు?"

"పైనే ఇరిగింటాది," అన్నాడు గజేంద్ర.
"ఏందో తగిలింటాది. చెప్పరు."
"అసలు ఆ రెక్క ఆ విమానందేనా?"
ఒక్కో గ్లాసు టీకి ఒక్కో విమానం కూలింది.

నేను తూకంరాళ్లు తుడుస్తూ విన్నాను.

రెక్క రేకు కిష్టప్ప కోళ్లగూటికి కప్పు.
సీటు కింది గొట్టాల మీద బీరతీగ పాకింది.
చక్రాన్ని పిల్లోళ్లు మూడ్రోజులు దొర్లించి బావిలో వేశారు.
మిగతాది ఆ రాత్రే గోనెసంచిలో వచ్చింది,
పంతొమ్మిదిన్నర, నేనే తూచాను,
తెల్లారేలోగా కరిగించే లోడులో కలిపేశాను.
చేతులకు మసి అంటింది. సబ్బుతో పోయింది.

ఆకలి కూడా కాదు, పెద్దగా.
అందింది, తీసుకున్నాం.

చెప్పేద్దామని నోరు తెరిచాను.

అప్పుడే కుప్పమ్మ చిత్తుకాయితాల మూట దించింది.
"ఏమని రాసినారు నాయనా, మబ్బులనా?
ఆ పొద్దు మిద్దె మీద చింతపండు ఆరబోసినా,
కొట్టి, గింజ తీసి, రెండు గంపలు.
మబ్బుంటే ఆరబోస్తానా?
అది పడబోతా ఉంటే దాని నీడ నా పండు మీదే పోయింది.
మబ్బులో నీడ యాడిది?"

ఎవరూ తలెత్తలేదు.
నీడకు బరువు లేదు,
ఏలుమలై అట్ట మీద చోటూ లేదు.
నివేదిక రాసినవాళ్లు ఆమెను అడగలేదు.
నన్నూ అడగలేదు.
అడిగుంటే చెప్పుండేవాణ్నా?

ఇప్పుడు నోరు విప్పితే
మా దొంగతనంతో లెక్క సరిపోతుంది,
నివేదిక నిజమైపోతుంది, మబ్బులతో సహా.
విప్పకపోతే
గజేంద్ర పేలుడు రోజురోజుకీ పెద్దదవుతుంది,
దాని పొగలో రెండు గంపల చింతపండు
ఎవరికీ కనపడదు.

కాయితాలు కాటాలో పెట్టాను.
ఆరు కిలోల రెండొందలు.
ఆమె ముల్లు వైపు చూసింది, తర్వాత నా వైపు.

"సరిగ్గా చూడు నాయనా," అంది.